తుపాకి చావులు: లెక్క రాయనివ్వని చేతులు



గుడివాడ నుంచి బందరు, అక్కణ్నుంచి చల్లపల్లి మీదుగా పులిగడ్డ దాటి అవనిగడ్డ. ఈ దారిలో ఏ ఊళ్లో ఆగినా అమెరికాలో బిడ్డ ఉన్న ఇల్లు ఒకటైనా తగులుతుంది. ఒక తరం వాళ్లు డాక్టర్లుగా వెళ్లారు. తర్వాతి తరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళ్లింది. ఇప్పుడు ఇరవై రెండేళ్ల పిల్లలు బ్యాంకు లోను పెట్టి, తాతల నాటి ఎకరం తాకట్టు పెట్టి ఎమ్మెస్‌కు వెళుతున్నారు. పొద్దున్నే టీవీలో 'అమెరికాలో కాల్పులు' అని స్క్రోలింగ్ వస్తే ఆ ఇళ్లలో ముందు చూసేది ఊరి పేరు. డాలసా, చికాగోనా, కొలంబసా? తర్వాత ఫోను. అవతల అబ్బాయి 'ఏంటమ్మా' అని పలికేదాకా కాఫీ గొంతు దిగదు.

ఈ భయానికి ఆధారాలు లేకపోలేదు. 2007 డిసెంబరులో లూసియానా రాష్ట్రంలోని బేటన్ రూజ్‌లో ఇద్దరు తెలుగు పరిశోధక విద్యార్థులను యూనివర్సిటీ అపార్టుమెంటులోనే కాల్చి చంపారు. 2018 జులైలో కాన్సాస్ సిటీలో ఒక తెలంగాణ విద్యార్థి తాను పనిచేస్తున్న రెస్టారెంటులో తూటాకు బలయ్యాడు. అదే ఏడాది సెప్టెంబరులో సిన్సినాటి నగరంలోని ఒక బ్యాంకు భవనంలో జరిగిన కాల్పుల్లో గుంటూరు జిల్లా యువకుడు పోయాడు. 2023లో జనవరిలో చికాగో, ఏప్రిల్‌లో కొలంబస్, మే నెలలో టెక్సస్‌లోని ఆలెన్. చికాగోలో చనిపోయిన కుర్రాడిది విజయవాడ. చదువుకోవడానికి వెళ్లి నెల తిరక్కముందే ప్రాణం పోయింది. ఆలెన్‌లో ఒక షాపింగ్ మాల్‌లో చనిపోయిన ఎనిమిది మందిలో ఒక తెలుగు ఇంజనీరమ్మాయి ఉంది.

ఈ చావులన్నింటిలో ఎక్కువ చర్చ జరిగింది ఒలేతా గురించి.

2017 ఫిబ్రవరి 22, బుధవారం సాయంత్రం. కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేతా పట్టణం. గార్మిన్ కంపెనీలో పనిచేసే 32 ఏళ్ల కూచిభొట్ల శ్రీనివాస్, ఆయన సహోద్యోగి మాదసాని అలోక్ పని ముగించుకుని ఆస్టిన్స్ అనే బార్ బయట కూర్చున్నారు. ఒకతను దగ్గరికొచ్చి మీది ఏ వీసా అని గద్దించాడు, తిట్టాడు. అక్కడివాళ్లు కల్పించుకుని అతణ్ని బయటికి పంపేశారు. గొడవ అక్కడితో ఆగిపోవలసింది. అతను కాసేపటికి తుపాకితో తిరిగొచ్చి, నా దేశం నుంచి పొండని అరుస్తూ కాల్చాడు. శ్రీనివాస్ చనిపోయాడు, అలోక్ గాయపడ్డాడు. ఇయాన్ గ్రిలట్ అనే 24 ఏళ్ల స్థానిక యువకుడు బల్ల కింద నక్కి తూటాలు లెక్కపెట్టాడు. తుపాకిలో అయిపోయాయనుకుని హంతకుడి వెంటపడ్డాడు. అవి అయిపోలేదు. తూటా అతని చేతిలోంచి ఛాతీలోకి దిగింది. బతికి బయటపడ్డాడు. హంతకుడికి యావజ్జీవ శిక్ష పడింది.

అప్పుడు తెలుగునాట పత్రికల్లో, టీవీల్లో, రచ్చబండల దగ్గర జరిగిన చర్చ అంతా జాతి ద్వేషం గురించి, వీసాల గురించి. ఆ చర్చ జరగవలసిందే. శ్రీనివాస్ భార్య సునయన దుమాల ఆ తర్వాత వలస వచ్చినవాళ్ల పక్షాన ధైర్యంగా నిలబడి మాట్లాడుతున్నారు. కానీ రెండో సగం మీద మనవాళ్లు దృష్టి పెట్టలేదు. బయటికి పంపేసినప్పుడు అతని దగ్గర ఉన్నది నోటి దురుసు. తిరిగొచ్చినప్పుడు చేతిలో ఉన్నది తుపాకి. ఆ రెంటికీ నడుమ ఒక చట్టం ఏమైనా అడ్డం పడగలిగేదా? ఒలేతా ఘటనకు ఏడాదిన్నర ముందు, 2015 జులై 1 నుంచి, కాన్సాస్‌లో 21 ఏళ్లు నిండినవాళ్లు లైసెన్సు లేకుండా, శిక్షణ లేకుండా తుపాకిని బట్టల్లో దాచుకుని తిరగవచ్చు. ఆ చట్టం రావడానికి గట్టిగా పట్టుబట్టినవాళ్లలో నేషనల్ రైఫిల్ అసోసియేషన్, అంటే ఎన్‌ఆర్‌ఏ, ఉంది.

అమెరికాలో తుపాకి లాబీ అనే మాట వినిపించినప్పుడల్లా ముందు గుర్తొచ్చేది ఈ సంఘమే. తుపాకులు తయారు చేసేవాళ్లు, అమ్మేవాళ్లు, వాళ్ల పక్షాన చట్టసభల్లో ఒత్తిడి తెచ్చే సంఘాలు, అన్నీ కలిస్తే ఆ లాబీ. దాని మీద ఈ ప్రసంగం చేసే ఆరోపణ ఒక్కటే. అది తుపాకులు అమ్మించడం కన్నా పెద్ద హాని ఇంకొకటి చేసింది. తుపాకి వల్ల ఎవరు, ఎందుకు, ఎలా చనిపోతున్నారో ఆ దేశాన్ని సరిగా లెక్క రాసుకోనివ్వలేదు.

చావుల మొత్తం తెలుసు. 2021లో 48,830 మంది, 2023లో 46,728 మంది తుపాకి వల్ల చనిపోయారు. రోజుకు 125 మందికి పైగా. 2023 చావుల్లో 27,300 ఆత్మహత్యలు, అంటే సగానికి మించి. 2020 నుంచి అమెరికాలో ఏడాది నుంచి 19 ఏళ్ల దాకా వయసున్న పిల్లల్లో, యువతలో ఏ జబ్బుకన్నా, ఏ రోడ్డు ప్రమాదంకన్నా తుపాకి వల్ల పోతున్నవాళ్లే ఎక్కువ. స్మాల్ ఆర్మ్స్ సర్వే అనే అంతర్జాతీయ సంస్థ 2018లో వేసిన అంచనాలో అమెరికా పౌరుల చేతుల్లో 39 కోట్లకు పైగా తుపాకులున్నాయి. నూరు మంది మనుషులకు 120 తుపాకులు. మొత్తం తెలిస్తే చాలదు. ఆ తుపాకి ఎక్కడ కొన్నది, ఎన్ని చేతులు మారింది, ఏ నిబంధన ఉంటే ఈ చావు తప్పేది? ఈ ప్రశ్నల దగ్గరికి వచ్చేసరికి తలుపులు మూసుకుంటాయి.

ఎన్‌ఆర్‌ఏ పుట్టుకతోనే ఇలా లేదు. 1871లో అంతర్యుద్ధం నుంచి వచ్చిన ఇద్దరు సైనికాధికారులు, సైనికులకు గురి సరిగా లేదన్న బాధతో, గురి నేర్పడానికి దాన్ని స్థాపించారు. 1934లో అమెరికా తొలిసారి దేశమంతటికీ పెద్ద తుపాకి చట్టం తెచ్చినప్పుడు ఆ సంఘం అధ్యక్షుడు కార్ల్ ఫ్రెడరిక్ చట్టసభ ముందు హాజరై, ఎవరు పడితే వాళ్లు తుపాకి పెట్టుకు తిరగడం తనకు ఇష్టం లేదని, దాన్ని లైసెన్సులతో గట్టిగా అదుపు చేయాలని చెప్పాడు. వేటగాళ్లు, రైతులు, పోటీల్లో పాల్గొనేవాళ్లు, పిల్లలకు జాగ్రత్తలు నేర్పే శిక్షకులు ఆ సంఘంలో ఉండేవాళ్లు. ఇప్పటికీ ఉన్నారు.

మలుపు 1977 మే నెలలో వచ్చింది. సిన్సినాటిలో జరిగిన వార్షిక సభలో హార్లన్ కార్టర్ నాయకత్వంలోని వర్గం రాత్రంతా ఓట్లు వేయించి పాత నాయకత్వాన్ని దించేసింది. తుపాకి మీద ఏ అదుపూ ఒప్పుకోం అన్నది ఆనాటి నుంచి సంఘం సిద్ధాంతమైంది. ఆ నగరంలోనే 41 ఏళ్ల తర్వాత గుంటూరు యువకుడు ప్రాణం వదిలాడు.

కృష్ణా జిల్లాకు 1977 అంటే గుర్తొచ్చేది వేరు. ఆ నవంబరు 19న ఉప్పెన వచ్చింది. అయిదు మీటర్లకు పైగా లేచిన సముద్రం దివిసీమ మీద పడింది. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. అధికారిక లెక్కలే పది వేల దాకా చెప్పాయి. అంతకు 113 ఏళ్ల ముందు, 1864 నవంబరు 1న, బందరు పట్నాన్ని ముంచిన ఉప్పెనలో 30 వేల మంది పోయారు. నూరేళ్లు గడిచినా తీరం వాసులు అది దేవుడి ఆగ్రహమనీ, తలరాత అనీ అనుకుంటూనే ఉన్నారు. 1977 తర్వాత ఆ మాటతో సరిపెట్టుకోలేదు. నీళ్లు ఎంత దూరం వచ్చాయో కొలిచారు. ఏ ఇళ్లు నిలిచాయో, ఏ ఇళ్లు కూలాయో చూశారు. హెచ్చరిక ఎక్కడ ఆగిపోయిందో విచారించారు. తుపాను షెల్టర్లు కట్టారు, రాడార్లు పెట్టారు, ఊళ్లు ఖాళీ చేయించే పద్ధతి నేర్చుకున్నారు. 1990 మే 9న మళ్లీ అంతటి తుపాను కృష్ణానది ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి లక్షలాది మందిని ముందే తరలించారు. రాష్ట్రమంతటా కలిపి చనిపోయినవాళ్లు 967 మంది. ఆ 967 ప్రాణాలూ విలువైనవే. అయినా పది వేలకూ దానికీ ఉన్న తేడా ఎలా వచ్చింది? గాలి వేగం తగ్గలేదు, సముద్రం శాంతించలేదు. చావుల లెక్క రాసి, కారణం వెతికి, దాని మీద పనిచేశారు.

ఆ లెక్కే రాయవద్దని ఎవరైనా చట్టం తెచ్చి ఉంటే? అమెరికాలో తుపాకి విషయంలో జరిగింది అదే. మూడు తలుపులు ఒకదాని తర్వాత ఒకటి మూశారు.

మొదటిది పరిశోధన తలుపు. 1993లో ఆర్థర్ కెల్లర్‌మన్ అనే వైద్యుడు, ఆయన బృందం ఒక అధ్యయనం ప్రచురించారు. ఇంట్లో తుపాకి ఉంటే ఆ ఇంట్లో హత్య జరిగే ప్రమాదం రెండున్నర రెట్లకు పైగా పెరుగుతోందని, చంపేవాళ్లు చాలాసార్లు ఇంటివాళ్లో తెలిసినవాళ్లో అవుతున్నారని తేల్చారు. దీనికి డబ్బిచ్చింది అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ. ఎన్‌ఆర్‌ఏ ఆ సంస్థలోని గాయాల పరిశోధన విభాగాన్నే ఎత్తేయించాలని చూసింది. అది కుదరక, 1996లో ఆర్కన్సా ప్రతినిధి జే డికీ చేత ఒక సవరణ పెట్టించారు. తుపాకి నియంత్రణను ప్రోత్సహించడానికి సీడీసీ డబ్బు వాడకూడదన్నది దాని సారం. తుపాకి పరిశోధన మీద అంతకుముందు ఏడాది ఖర్చుపెట్టిన 26 లక్షల డాలర్లకు సరిగ్గా సమానమైన మొత్తాన్ని బడ్జెట్టులోంచి తీసి వేరే పనికి మళ్లించారు. పరిశోధించవద్దని అందులో ఎక్కడా లేదు. కానీ ఉద్యోగం పోతుందన్న భయంతో ఏ అధికారీ ఆ ఫైలు ముట్టుకోలేదు. ఇరవై ఏళ్లకు పైగా ఇలాగే గడిచింది. రోడ్డు ప్రమాదాల మీద వేల అధ్యయనాలు జరిగి సీటు బెల్టులు, ఎయిర్ బ్యాగులు వచ్చిన కాలంలో, దాదాపు అంతమందిని చంపుతున్న తుపాకి మీద ప్రభుత్వ పరిశోధన ఎండిపోయింది.

ఇక్కడ జే డికీకి దక్కవలసిన గౌరవం దక్కాలి. ఆయన ఆ తర్వాత పశ్చాత్తాపపడ్డాడు. తాను ఒకప్పుడు చట్టసభలో ఎదుర్కొన్న సీడీసీ అధికారి మార్క్ రోజెన్‌బర్గ్‌తో కలిసి 2012లో వాషింగ్టన్ పోస్టు పత్రికలో వ్యాసం రాశాడు. కార్లను నిషేధించకుండానే రోడ్డు చావుల్ని తగ్గించగలిగినట్టు, తుపాకి చావులకూ శాస్త్రం దారి చూపగలదని ఇద్దరూ రాశారు. 2019 డిసెంబరులో గాని అమెరికా కాంగ్రెస్ ఈ పరిశోధనకు మళ్లీ డబ్బు ఇవ్వలేదు. ఇచ్చింది రెండున్నర కోట్ల డాలర్లు.

రెండోది రికార్డుల తలుపు. నేరంలో ఒక తుపాకి దొరికిందనుకోండి. అది ఎవరు కొన్నారో తెలుసుకోవాలంటే వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో ఉన్న ప్రభుత్వ కేంద్రాన్ని అడగాలి. అక్కడ కంప్యూటర్‌లో పేరు కొడితే జవాబు రాదు. దేశంలో తుపాకి యజమానుల పట్టిక ఏదీ ఉండకూడదని 1986 చట్టం నిషేధించింది. అందుకని అక్కడి ఉద్యోగి ముందు తయారు చేసిన కంపెనీకి ఫోను చేస్తాడు. వాళ్లు ఏ టోకు వ్యాపారికి అమ్మారో చెబుతారు. ఆ టోకు వ్యాపారి ఏ దుకాణానికి పంపాడో చెబుతాడు. దుకాణంవాడు కొన్నవాడు నింపిన కాగితం వెతికి తీస్తాడు. దుకాణం మూతపడి ఉంటే ఆ కాగితాలన్నీ అట్టపెట్టెల్లో ఈ కేంద్రానికే చేరతాయి. తడిసినవి, చిరిగినవి, చేతిరాతవి. ఒక దశలో పెట్టెల బరువుకు అంతస్తు కూలిపోతుందేమోనని వాటిని బయట ఓడ కంటెయినర్లలో పెట్టవలసి వచ్చింది. కాగితాల్ని ఫొటోలు తీసి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు, కానీ పేరుతో వెతికే వీలు ఉండకూడదు. ఉద్యోగులు ఒక్కొక్క పేజీ తిప్పుకుంటూ చూస్తారు. మనిషిని చంద్రుడి మీదికి పంపిన దేశం హత్యాయుధాన్ని పట్టుకోవడానికి కాగితాలు తిరగేస్తోంది. చేతకాక కాదు, చట్టం చేయనివ్వక.

ఇంత కష్టపడి తీసిన సమాచారం కూడా బయటికి రాకుండా 2003లో ఇంకో సవరణ తెచ్చారు. ఏ దుకాణంలో అమ్మిన తుపాకులు ఎక్కువ నేరాల్లో దొరుకుతున్నాయో ఆ వివరాలు ప్రజలకు, పరిశోధకులకు ఇవ్వకూడదన్నది దాని సారాంశం. దాన్ని పెట్టిన ప్రతినిధి టాడ్ టియార్ట్. ఆయనది ఒలేతా ఉన్న కాన్సాస్ రాష్ట్రమే.

మూడోది కోర్టు తలుపు. మందు వికటిస్తే మందుల కంపెనీ మీద, బ్రేకు విరిగితే కార్ల కంపెనీ మీద కేసు వేయవచ్చు. తుపాకి కంపెనీల మీద నగరాలు, బాధితులు కేసులు వేయడం మొదలుపెట్టేసరికి లాబీ వాషింగ్టన్‌లో కూర్చుంది. 2005 అక్టోబరులో అధ్యక్షుడు జార్జ్ బుష్ సంతకంతో ఒక చట్టం వచ్చింది. తమ ఆయుధంతో ఎవరో నేరం చేస్తే తయారీదారుడి మీద, అమ్మకందారుడి మీద దావా వేసే దారిని కొద్ది మినహాయింపులు తప్ప మూసేసింది. కోర్టులో దావా నడిస్తే నష్టపరిహారం ఒక్కటే కాదు, కంపెనీ లోపలి కాగితాలూ బయటికొస్తాయి. ఆ కాగితాలే వాళ్లకు భయం.

ఈ మూడు తలుపులూ ఎంత గట్టిగా బిగించారో శాండీ హుక్ చూపించింది. 2012 డిసెంబరు 14న కనెక్టికట్ రాష్ట్రం న్యూటౌన్‌లోని శాండీ హుక్ ప్రాథమిక పాఠశాలలో ఒక యువకుడు 20 మంది పిల్లలను, ఆరుగురు సిబ్బందిని చంపాడు. పిల్లలందరూ ఆరేడేళ్లవాళ్లు. తుపాకి కొనేవాడి పూర్వాపరాలు ఆన్‌లైన్ అమ్మకాల్లో, తుపాకుల సంతల్లో కూడా తనిఖీ చేయాలన్న చిన్న సవరణ సెనేట్ ముందుకు వచ్చింది. సర్వేల్లో పదిమందిలో తొమ్మిది మంది అది కావాలన్నారు. తుపాకి ఉన్నవాళ్లలోనూ ఎక్కువ మంది కావాలన్నారు. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు వాషింగ్టన్ వచ్చి సెనేటర్లను ఒక్కొక్కరినే కలిశారు. 2013 ఏప్రిల్ 17న ఓటింగు. అనుకూలం 54, వ్యతిరేకం 46. ముందుకు కదలడానికి 60 కావాలి. ఓడిపోయింది.

పదిమందిలో తొమ్మిది మంది కోరింది ఎందుకు ఓడిపోయింది? డబ్బు ఒక కారణం. 2016 ఎన్నికల్లో ఒక్క డొనాల్డ్ ట్రంప్ కోసమే ఎన్‌ఆర్‌ఏ మూడు కోట్ల డాలర్లు ఖర్చు పెట్టింది. కానీ డబ్బుకన్నా బలమైనది ఓటు. ప్రతి అభ్యర్థికీ ఆ సంఘం బడి పిల్లలకు మార్కులు వేసినట్టు ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడు ఇస్తుంది. ఎఫ్ వచ్చినవాణ్ని ఓడించడానికి దాని సభ్యులు ఉత్తరాలు రాస్తారు, ఫోన్లు చేస్తారు, ప్రైమరీ ఎన్నికల్లో వరసలో నిలబడి ఓటేస్తారు. ఆ తొమ్మిది మందికి తుపాకి పది విషయాల్లో ఒకటి. ఈ కొద్దిమందికి అదొక్కటే విషయం. ప్రజాప్రతినిధి ఎవరికి భయపడతాడో చెప్పనక్కర్లేదు.

భారత సంతతి వాళ్లకూ ఈ దెబ్బ తగిలింది. తల్లిదండ్రులు కర్ణాటక నుంచి వెళ్లిన వైద్యుడు వివేక్ మూర్తిని 2013లో అధ్యక్షుడు ఒబామా దేశ ప్రజారోగ్యానికి పెద్ద డాక్టరు లాంటి సర్జన్ జనరల్ పదవికి ఎంపిక చేశాడు. తుపాకులు ఆరోగ్య సమస్య అని ఆయన అంతకుముందు ట్విటర్‌లో రాసిన ఒక్క మాట పట్టుకుని ఎన్‌ఆర్‌ఏ అడ్డం పడింది. ఏడాదికి పైగా ఆ పదవి ఖాళీగా ఉంది. 2014 డిసెంబరులో 51–43 ఓట్లతో గట్టెక్కాడు. రెండోసారి అదే పదవిలో ఉన్నప్పుడు 2024 జూన్‌లో, తుపాకి హింస ప్రజారోగ్య సంక్షోభమని అధికారికంగా ప్రకటించాడు. ప్రభుత్వం మారాక 2025 మార్చిలో ఆ ప్రకటనను ప్రభుత్వ వెబ్‌సైటు నుంచి తీసేశారు. రాసిన లెక్కను చెరిపేయడం అంటే ఇదే.

లాబీ పక్షం వాదనలు రెండు. అవి కూడా శ్రోతలు వినాలి. తుపాకి స్వేచ్ఛకు గుర్తు, దాన్ని తీసుకుంటే ప్రభుత్వం నిరంకుశం అవుతుందన్నది మొదటిది. దీనికి జవాబు మన చరిత్రలోనే ఉంది. 1878లో లిట్టన్ వైస్రాయిగా ఉండగా వచ్చిన ఆయుధాల చట్టం భారతీయులను నిరాయుధులను చేసి, యూరోపియన్లకు మినహాయింపు ఇచ్చింది. అది అవమానమని జాతీయోద్యమం మొదటి నుంచీ అంది. 1930 జనవరిలో గాంధీజీ ప్రభుత్వం ముందు పెట్టిన పదకొండు కోరికల్లో ఆత్మరక్షణకు తుపాకి లైసెన్సులు ఇవ్వాలన్నది ఒకటి. 1931 కరాచీ కాంగ్రెస్ ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు కూడా చేర్చారు. స్వాతంత్ర్యం వచ్చింది. 1948 డిసెంబరు మొదట్లో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆ హక్కును రాజ్యాంగంలో రాయాలని సవరణ తెచ్చాడు. అంబేడ్కర్ ఒప్పుకోలేదు, సభ తోసిపుచ్చింది. ఆ నెలలోనే జైపూర్ కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించిన బందరు పెద్దాయన పట్టాభి సీతారామయ్య కూడా ఆ రాజ్యాంగ సభలో సభ్యుడే. శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కునే మన రాజ్యాంగం ఇచ్చింది. పరాయి పాలకుడు ఆయుధం లాక్కున్న అవమానం అనుభవించిన తరం, సొంత రాజ్యంలో ఆలోచించి ఆ నిర్ణయం తీసుకుంది. దేశం నిరంకుశం కాకుండా ఓటు కాపాడుతుందని ఆ తరం నమ్మింది.

1959 ఆయుధాల చట్టం ఆ నిర్ణయం మీదే నిలబడింది. తుపాకి కావాలంటే కారణం చెప్పాలి, పోలీసు విచారణ జరగాలి, అధికారి సంతకం కావాలి. ఒకప్పుడు ఒక మనిషికి మూడు దాకా అనుమతి ఉండేది, 2019 నుంచి రెండే. ఎన్నికల షెడ్యూలు రాగానే బందరులోనైనా గుడివాడలోనైనా లైసెన్సుదారులు తమ తుపాకుల్ని పోలీసు స్టేషనులో జమ చేస్తారు. నంబరు రాసుకుని రసీదు ఇస్తారు. ఎన్నికలయ్యాక రసీదు చూపించి తెచ్చుకుంటారు. ఇక్కడ అంతా సవ్యంగా ఉందని ఎవరూ అనలేరు. లైసెన్సు లేని తుపాకులు దేశంలో కోట్లలో ఉన్నాయని అంచనాలున్నాయి. పలుకుబడి ఉన్నవాళ్లకు లైసెన్సు తేలికగా దొరుకుతుంది. అయినా ప్రతి లైసెన్సు తుపాకికీ ఒక నంబరు, ఒక పేరు, ఒక రిజిస్టరు ఉన్నాయి. ఆ రిజిస్టరు వల్ల ఎవరి స్వేచ్ఛా పోలేదు.

రెండో వాదన ఆత్మరక్షణ. ఇది మన పిల్లల్ని నేరుగా తాకుతుంది. గ్యాస్ స్టేషనులో రాత్రి షిఫ్టు చేసే కుర్రాడికి, షాపు నడిపే కుటుంబానికి భయం ఉంటుంది. పక్కనే తుపాకుల దుకాణం ఉంటుంది. మనవాళ్లూ కొంటున్నారు. కొన్న తుపాకి ఏం చేస్తుందో చూడాలి. 2024 నవంబరులో అట్లాంటాలో ఒక తెలుగు విద్యార్థి తన పుట్టినరోజు నాడు, తాను కొనుక్కున్న వేట తుపాకిని శుభ్రం చేస్తుంటే అది పేలి చనిపోయాడు. స్నేహితులు పక్క గదిలోనే ఉన్నారు. అంతకన్నా ఎక్కువ ఆలోచించవలసింది ఆ 27,300 ఆత్మహత్యల గురించి. అప్పుతో వెళ్లి, ఉద్యోగం రాక, వీసా గడువు దగ్గరపడుతున్న పిల్లాడి మనసు ఒక రాత్రి కుంగిపోతుంది. ఆ రాత్రి గడిస్తే చాలామంది బతుకుతారు. తుపాకి అందుబాటులో ఉంటే ఆ రాత్రి గడవదు. తుపాకితో చేసిన ఆత్మహత్యా ప్రయత్నాల్లో పదింట దాదాపు తొమ్మిది ప్రాణం తీస్తాయి.

లాబీ ఓడిపోదని అనుకోనక్కర్లేదు. శాండీ హుక్‌లో చనిపోయిన తొమ్మిది మంది పిల్లల, సిబ్బంది కుటుంబాలు ప్రకటనల చట్టం అనే పక్కదారిలో కోర్టుకు వెళ్లి, 2022 ఫిబ్రవరిలో రెమింగ్టన్ అనే తుపాకి కంపెనీ బీమా సంస్థల నుంచి 7 కోట్ల 30 లక్షల డాలర్ల పరిహారం సాధించారు. పరిహారంకన్నా వాళ్లు పట్టుబట్టింది కంపెనీ లోపలి కాగితాలు బయటపెట్టే హక్కు కోసం. అది దక్కింది. అదే ఏడాది మే 24న టెక్సస్‌లోని యువాల్డేలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయాక, నెల తిరిగేసరికి దాదాపు ముప్పై ఏళ్లలో తొలి పెద్ద కేంద్ర తుపాకి చట్టం వచ్చింది. 21 ఏళ్ల లోపువాళ్లు కొంటే అదనపు తనిఖీ పెట్టింది. 2024 ఫిబ్రవరిలో న్యూయార్క్ జ్యూరీ ఎన్‌ఆర్‌ఏ మాజీ అధినేత వేన్ లాపియెర్ సంఘం డబ్బును సొంత విలాసాలకు వాడుకున్నాడని తేల్చింది. సభ్యుల చందాలు విమానాలకు, ఖరీదైన దుస్తులకు పోయాయి. ఎన్‌ఆర్‌ఏ బలహీనపడింది. దాని చోటు తుపాకి వ్యాపారుల సంఘం నింపుతోంది. పైగా 2022 జూన్‌లో అమెరికా సుప్రీం కోర్టు ఇచ్చిన బ్రూయెన్ తీర్పు తుపాకుల్ని అదుపు చేసే విషయంలో రాష్ట్రాల చేతుల్ని ఇంకా కట్టేసింది.

రాష్ట్రాల మధ్య తేడా మాత్రం కళ్లకు కనిపిస్తుంది. 2022లో లక్ష మందికి తుపాకి చావులు మిసిసిపీలో 30కి దగ్గర, టెక్సస్‌లో 15 పైచిలుకు, న్యూజెర్సీలో 5, మసాచుసెట్స్‌లో 4 లోపు. దేశం ఒకటే, రాజ్యాంగం ఒకటే. మసాచుసెట్స్, న్యూజెర్సీ లైసెన్సు అడుగుతాయి. మిసిసిపీ అడగదు. టెక్సస్ 2021 సెప్టెంబరు నుంచి అనుమతి లేకుండానే తుపాకి పెట్టుకు తిరగనిస్తోంది. ఆలెన్ మాల్ టెక్సస్‌లోదే.

కృష్ణా డెల్టా ఇందులో చేయగలిగింది ఉంది. కన్సల్టెన్సీలో కాలేజీ ర్యాంకు, ఫీజు, పార్ట్ టైం ఉద్యోగం అడిగే తల్లిదండ్రులు ఆ రాష్ట్రంలో తుపాకి చట్టం ఎలా ఉందో, అద్దె ఇంట్లో ఉండే పిల్లల్లో ఎవరి దగ్గరైనా తుపాకి ఉందో అడగవచ్చు. వారం వారం ఫోనులో అడిగే ప్రశ్నల్లో అదీ ఒకటి కావచ్చు. పెద్ద పని అక్కడి తెలుగువాళ్లది. ఉత్తర అమెరికా తెలుగువాళ్ల తొలి మహాసభ 1977లోనే న్యూయార్క్‌లో జరిగింది. ఇప్పుడు తానా, ఆటా, నాట్స్ లాంటి సంఘాలున్నాయి. తెలుగువాడు చనిపోయినప్పుడు పార్థివదేహం ఇంటికి చేర్చడానికి ఈ సంఘాలు పడే శ్రమ చాలా గొప్పది. రాత్రికి రాత్రి చందాలు పోగవుతాయి, కాగితాలు సిద్ధమవుతాయి. ఆ సంఘాల మహాసభల వేదికల మీదికి అమెరికా ప్రజాప్రతినిధులు వస్తారు, మన శాలువా కప్పించుకుంటారు, మన చందాలు తీసుకుంటారు. పౌరసత్వం వచ్చిన తెలుగువాళ్లకు ఓటుంది.

ఆ ప్రతినిధులను అక్కడే, అందరి ముందూ, నాలుగు విషయాలు అడగాలి. కొనేవాళ్లందరికీ తనిఖీ ఉండాలంటారా, వద్దంటారా? పరిశోధనకు డబ్బు పెంచుతారా? మార్టిన్స్‌బర్గ్‌లో కాగితాలను వెతికే వీలు కల్పించే చట్టానికి ఓటేస్తారా? 2005 చట్టాన్ని రద్దుచేసి బాధితులకు కోర్టు తలుపు తెరుస్తారా? వాళ్లు చెప్పిన జవాబులను సంఘం తన పత్రికలో అచ్చువేసి, ఎన్నికల ముందు ప్రతి సభ్యుడి ఇంటికీ పంపాలి. ఎన్‌ఆర్‌ఏ యాభై ఏళ్లుగా చేస్తున్నది ఆ పనే.